ఇసబ్‌గోల్, త్రిఫల, ‘కబ్జ్’ చూర్ణం: మోషన్ సాఫీగా కావడానికి ఏది మేలు?

మలక్‌పేటలో మా మెడికల్ షాపుకి రాత్రి ఎనిమిది దాటాక వచ్చేవాళ్లలో కొందరు పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: “అన్నా, మోషన్ ఫ్రీగ అయితలేదు, మంచి పొడి ఏదన్న ఇయ్యి.” ఆ వెంటనే ఇసబ్‌గోలా, త్రిఫలా, టీవీలో చూపించే చూర్ణమా అన్న ప్రశ్న వస్తుంది. కౌంటర్ దగ్గర రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, కబ్జ్ (అంటే మలబద్ధకం) చూర్ణం డబ్బా కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో సునాముఖి ఉంటుంది. కొన్నిటి మీద సెన్నా అని రాస్తారు, పాతబస్తీలో సనా అంటారు. పేరు ఏదైనా ఆకు ఒకటే. దానిలోని మందు పెద్దపేగుకి చేరాక అక్కడి బ్యాక్టీరియా వల్ల విడివడి పేగుని కదిలిస్తుంది. దీనికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి వేసుకుంటే పొద్దున్నే పని అయిపోతుంది. జనానికి ఇది అంతగా నచ్చడానికి కారణం కూడా అదే. పెళ్లి భోజనాలు, ప్రయాణం, రెండు మూడు రోజులుగా పట్టేసిన కడుపు... ఇలాంటప్పుడు ఒకటి రెండు రాత్రులు వాడితే నేనేమీ అభ్యంతరం చెప్పను.

రోజూ వాడటం దగ్గరే నాకు పేచీ. దీన్ని ఏళ్ల తరబడి వాడితే పేగులు పూర్తిగా చచ్చుబడిపోతాయని పాతకాలంలో భయపెట్టేవాళ్లు. ఆ మాటకి గట్టి ఆధారం లేదని ఇప్పుడు చెబుతున్నారు. పేగు లోపలి పొర నల్లబడటం మాత్రం నిజమే, మానేస్తే అదీ మెల్లగా తగ్గుతుంది. నేను చూసే ఇబ్బంది వేరు. రోజూ చూర్ణం తోసేస్తుంటే అసలు మీ కడుపు తీరు మారిందో లేదో మీకే తెలియదు. థైరాయిడ్ తగ్గినా, కొత్తగా మొదలుపెట్టిన ఐరన్ బిళ్లలు బిగించినా, లోపల ఇంకేదైనా పెరుగుతున్నా, పొద్దున్నే మోషన్ అయిపోతోంది కదా అని నిశ్చింతగా ఉంటారు.

ఇసబ్‌గోల్ అలా తోయదు. గింజ మీది పొట్టు నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది, మలాన్ని మెత్తబరుస్తుంది. మిగతాది పేగు తన పని తానే చేసుకుంటుంది. ఒక్క రాత్రిలో ఫలితం రాదు, ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. పలచగా అయ్యేవాళ్లకి గట్టిపరిచేదీ ఇదే. పెద్దవాళ్లు విరేచనాలకి పెరుగులో కలిపి ఇచ్చేది ఊరికే కాదు. ఇంకో సంగతి: సరిగ్గా నీళ్లతో రెండు మూడు వారాలు వాడినా మార్పు లేదంటే, డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం ఒకటి మీ చేతికి వచ్చినట్టే. నా ఓటు దీనికే.

అయితే “వాడాను, పని చేయలేదు” అనేవాళ్లని ఎన్ని నీళ్లు తాగారని అడిగితే తడబడతారు. ఒక చెంచాకి పెద్ద గ్లాసుడు, అంటే పావు లీటరు నీళ్లు కావాలి. కలిపిన వెంటనే తాగాలి. తర్వాత పగలంతా కూడా నీళ్లు తగ్గకూడదు. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. మన వాళ్లలో చాలామంది పడుకోబోయే ముందు తాగి మంచమెక్కుతారు, అదీ వద్దు. రాత్రి భోజనం అయ్యాక కాసేపటికి తాగి, కొంతసేపు మెలకువగా ఉండండి. మొదటి వారం కడుపు ఉబ్బరంగా అనిపిస్తే చెంచా నుంచి అర చెంచాకి దిగండి. థైరాయిడ్, షుగర్ లాంటి బిళ్లలకీ దీనికీ రెండు గంటల ఎడం పెట్టండి. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

పొడులన్నిటికంటే ముందు కంచం చూసుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాముల పైన ఉంటే, పాలిష్ బియ్యంలో మూడు కూడా లేదు. సాయంత్రమైతే ఊరంతా రోడ్ల పక్కన జొన్నరొట్టెలు కాలుస్తూనే ఉన్నారు. రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు, ఒక జామకాయ చాలు. అయితే రొట్టెలు తెచ్చుకుని, పక్కన బిర్యానీ కూడా పెట్టుకుంటే నన్నడగొద్దు.

ఎప్పుడు పొడులు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలో కూడా చెప్పాలి. రోజుకు మూడుసార్లయినా, వారానికి మూడుసార్లయినా మామూలే. మీకు అలవాటైన తీరు కొత్తగా మారి, మూడు వారాలైనా తిరిగి రాకపోతే వెళ్లాలి, 45 దాటినవాళ్లయితే మరీ ముఖ్యం. రక్తం పడితే “మొలలే కదా” అని మీకు మీరే తేల్చుకోవద్దు. మొలలు ఉన్నవాళ్లకి కూడా పెద్దపేగులో ఇంకోటి ఉండొచ్చు. కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మలం తారులా నల్లగా రావడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవన్నీ చెప్పాలి. (ఐరన్ బిళ్లలు వాడేవాళ్లకి మలం నల్లగానే వస్తుంది, ఆ సంగతీ చెప్పండి.) కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే షాపుకి కాదు, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక మిగిలినవి. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన త్రిఫల నెమ్మదిగా పనిచేస్తుంది, చేదూ వగరూ భరించగలిగితే వాడుకోవచ్చు. త్రిఫల పేరుతో సునాముఖి కలిపి అమ్ముతున్నారేమో లేబుల్ చూసుకోండి. తియ్యగా ఉండే లాక్టులోజ్ సిరప్ ఒకటి రెండు రోజుల్లో పనిచేస్తుంది, గ్యాస్ కొంచెం ఎక్కువ. గర్భిణులకి డాక్టర్లు తరచుగా రాసేది ఇదే. గర్భిణులు ఆముదం అసలు ముట్టుకోకూడదు. చిన్నపిల్లలకి మాత్రం డాక్టర్ చెప్పకుండా వీటిలో ఏదీ నేను ఇవ్వను, ఎంత బతిమాలినా సరే.