అర మిల్లీమీటరు బుధుడు, ఒక చెక్క సోలార్ ప్రొజెక్టర్

చెక్క ఫ్రేము, ముందు ఒక లెన్సు, లోపల కాంతిని మడిచే అద్దాలు, బొమ్మను పెద్దది చేసే చిన్న లెన్సు, తెల్ల కాగితం పెట్టే చోటు. ఈ ప్రొజెక్టర్‌లో ఉన్నది ఇంతే. సూర్యుడి బొమ్మ 8 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. కన్ను ఆనించి చూసే పని లేదు కాబట్టి పిల్లలు చుట్టూ మూగినా నాకు టెన్షన్ ఉండదు. కాంతి వెళ్లే దారిలో ఎవరూ తల పెట్టకుండా చూసుకుంటే చాలు.

2016 మే 9న బుధుడు నల్లచుక్కలా సూర్యుడి ముందు నుంచి దాటడం దీంతోనే చూశాను. ఆ రోజు బుధుడి వెడల్పు సూర్యుడి వెడల్పులో దాదాపు 158వ వంతు. కాగితం మీద అర మిల్లీమీటరు! నలుసూ అంతే ఉంటుంది మరి. అందుకే కాగితాన్ని మెల్లగా అటూ ఇటూ కదపాలి. నలుసులు దాంతోపాటు కదులుతాయి, అసలు చుక్క కదలదు. తర్వాత చేతులు తీసేసి చూడాలి. బొమ్మ పక్కకు జరుగుతుంటే చిన్న లెన్సు మీది దుమ్ము ఉన్నచోటే ఉండిపోతుంది, బుధుడు సూర్యుడితోపాటే వెళ్తాడు. సూర్యుడి మచ్చయితే చాలావరకు దాని చుట్టూ బూడిదరంగు అంచు కనిపిస్తుంది. బుధుడు నిండు నలుపు, చక్కటి గుండ్రం. 1631లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్త గసెండీ ఇలాగే కాగితం మీద చూసి, ఇంత చిన్నదేమిటని మొదట మచ్చే అనుకున్నాడట. ఆ చుక్క కనిపించగానే ఆయన సందేహం ఎంత సహజమో నాకు అర్థమైంది.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు నిమిషాల్లో బొమ్మ తన వెడల్పంత జరిగిపోతుంది, పెట్టెను తిప్పుతూనే ఉండాలి. పక్కలు తెరిచి ఉండటంతో బయటి వెలుతురు పడి చుక్క పాలిపోతుంది. నేను నల్ల అట్టలు అడ్డం పెట్టాను, అవి పెట్టెతోపాటే ఇవ్వాల్సింది.

సూర్యుడి మచ్చలకూ పాక్షిక గ్రహణాలకూ దీన్ని సంతోషంగా కొనమంటాను. శుక్రుడికైతే భేషుగ్గా సరిపోతుంది, 2.5 మిల్లీమీటర్ల చుక్క పడుతుంది, కానీ శుక్రుడు సూర్యుణ్ణి దాటేది మళ్లీ 2117లోనే. బుధుడు 2032 నవంబరు 13న వస్తాడు, అప్పుడు ఇంకా చిన్నగా, 194వ వంతే ఉంటాడు. దానికి మాత్రం లెన్సులతో పనిచేసే చిన్న టెలిస్కోపుతో కాగితం మీద 15 సెంటీమీటర్ల బొమ్మ వేసుకోండి, గురి చూసుకోవడానికి దాని పక్కన ఉండే ఫైండర్‌కు మూత పెట్టి.