డెకాల్ అతికే ముందు పూత: టమియా ఎక్స్-22, మైక్రో సెట్, మైక్రో సోల్ సమీక్ష

ప్లాస్టిక్ మోడల్ విమానం మీద అతికించిన డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే పలుచటి ముద్రిత గుర్తు) ఆరాక దాని చుట్టూ తెల్లటి, వెండిలా తళుక్కుమనే మచ్చ కనబడితే చాలామంది కిట్‌లోని డెకాల్ షీటునో, ద్రావకాన్నో తప్పుపడతారు. చాలా సందర్భాలలో అసలు కారణం అడుగున ఉన్న రంగే. మెరుపు లేని మ్యాట్ రంగు కంటికి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే గరుకుగా ఉంటుంది. డెకాల్ పలుచటి పొర ఆ గరుకు కొనల మీదే ఆనుకుని, కింది సందులలో గాలి చిక్కుకుపోయి, ఆ గాలి దగ్గర వెలుతురు చెదరడం వల్ల తెల్లదనం ఏర్పడుతుంది. మోడలర్లు సిల్వరింగ్ అనేది దీన్నే. అందువల్ల ఈ మూడు సీసాలలో ముందుగా డబ్బు పెట్టవలసింది మెరిసే గ్లాసీ పూత అయిన ఎక్స్-22 మీదనే అని నా అభిప్రాయం. మిగతా రెండూ, అంటే డెకాల్ ద్రావకాలైన మైక్రో సెట్, మైక్రో సోల్, ఆ పూత ఉన్నప్పుడే తమ పని సరిగా చేస్తాయి.

వీటిని పరీక్షించడానికి 72వ వంతు స్కేలులో భారత వైమానిక దళపు మిగ్-21ను తీసుకున్నాను. 1963లో దళంలో చేరి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు అందుకున్న ఈ విమానానికి రెక్కల కొస నుంచి కొసకు దూరం 7.15 మీటర్లు. ఈ స్కేలులో అది పది సెంటీమీటర్లకు కాస్త తక్కువే వస్తుంది. ఇంత చిన్న రెక్క మీద డెకాల్ అంచు మందం కూడా కంటికి కొడుతుంది. పైగా ఒళ్లంతా పరుచుకున్న చిన్న చిన్న స్టెన్సిల్ రాతలలో (విమానం మీది సాంకేతిక సూచనలలో) ఒక్కటి తెల్లబడినా ముందు చూపు అక్కడికే పోతుంది.

టమియా ఎక్స్-22 అనేది 10, 23 మిల్లీలీటర్ల సీసాలలో దొరికే ఆక్రిలిక్ క్లియర్, అంటే రంగులేని పారదర్శక పూత. టమియా సొంత థిన్నర్ ఎక్స్-20ఎతో కలిపినా పనిచేస్తుంది గానీ, దీని అసలు గుణం మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌తో కలిపినప్పుడే బయటపడుతుంది. ఈ లెవెలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉండటం వల్ల, ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే చిన్న పరికరం) నుంచి పడిన చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. సగానికి సగం కలిపి, ముందు రెండు పలుచటి పూతలు మంచులా చల్లి, ఆ తరువాత తడి మెరుపు కనిపించేంత నిండుగా ఒక పూత వేస్తే రెక్క మీద గది దీపం ప్రతిబింబం స్పష్టంగా కనబడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాలలో, లేదా వానాకాలంలో ఎక్కడైనా, త్వరగా ఆరే లాకర్ (lacquer) రకం థిన్నర్లు ఉపరితలాన్ని చల్లబరచి గాలిలోని తేమను దాని మీదికి లాగుతాయి, పూత పాలిపోయినట్లు తెల్లబడుతుంది. రిటార్డర్ ఈ బెడదనూ చాలావరకు తగ్గిస్తుంది. అయితే లెవెలింగ్ థిన్నర్ కూడా ఘాటైన లాకర్ థిన్నరే కాబట్టి కిటికీలు తెరిచి, రసాయన ఆవిరిని ఆపే మాస్కు వేసుకునే వాడాలి. వంటింట్లో కూర్చుని చేసే పని కాదు.

చేతి బ్రష్‌తో వేయదలచినవారికి మాత్రం ఎక్స్-22ను సిఫారసు చేయలేను. కింద అదే జాతి ఆక్రిలిక్ రంగు ఉంటే బ్రష్ రెండోసారి తగిలినచోట రంగు కరిగి లేచి వస్తుంది. దీని మరో లోపం ఓపికను పరీక్షించడం: చేతికి అంటకుండా త్వరగానే ఆరినా లోపల గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తొందరపడి పట్టుకుంటే వేలిముద్రలు అచ్చుపడతాయి.

ఇక మైక్రోస్కేల్ వారి జంట సీసాలు. నీలం లేబుల్ ఉన్న మైక్రో సెట్‌ను డెకాల్ పెట్టబోయే చోట ముందుగా రాయాలి. మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. అది డెకాల్ పట్టును పెంచుతుంది. ఎరుపు లేబుల్ ఉన్న మైక్రో సోల్‌ను డెకాల్ స్థానంలో కుదిరి, నీటిని గుడ్డతో ఒత్తి తీసేసిన తరువాత దాని మీద రాయాలి. అది డెకాల్ పొరనే మెత్తబరుస్తుంది. ఈ రెండిటినీ తారుమారు చేస్తే మెత్తబడిన డెకాల్‌ను జరపబోయి చింపుకోవడమే మిగులుతుంది.

రెక్క మీది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రౌండెల్ (వైమానిక దళపు గుండ్రటి గుర్తు) ప్యానెల్ గీతల మీదుగా, అంటే విమానపు రేకులు కలిసే చోట్ల చెక్కిన సన్నని గాళ్ల మీదుగా వస్తుంది. మైక్రో సోల్ రాసిన కాసేపటికి ఆ వలయం ఎండిన ఆకులా ముడతలు పడి, చూసేవారి గుండె జారేలా తయారవుతుంది. ఈ దశలో వేలు గానీ బ్రష్ గానీ తగలనివ్వకూడదు. దాని మానాన దాన్ని వదిలేస్తే ముడతలు వాటంతటవే సర్దుకుని, పొర గీతలలోకి దిగి, అడుగున ఉన్న గాడి మూడు రంగుల గుండా సన్నగా కనిపిస్తుంది. ఎక్కడైనా బుడగ మిగిలితే సూదిమొనతో గుచ్చి మళ్లీ ఒక చుక్క వేస్తే చాలు.

నీటి విషయం చాలామంది పట్టించుకోరు. బోరు నీటిలో డెకాల్ నానబెడితే ఆరాక అంచుల వెంట ఉప్పు మరకలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి తెచ్చుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చోవడమూ మంచిది కాదు, డెకాల్‌ను సర్దుకునేలోపే నీరు ఆరిపోతుంది.

మైక్రోస్కేల్ జంట లాంటివే అయిన మిస్టర్ హాబీ వారి మార్క్ సెట్టర్, మార్క్ సాఫ్టర్ 40 మిల్లీలీటర్ల సీసాలలో వస్తాయి. సెట్టర్‌లో జిగురు ఉంటుంది కనుక మిగులును తడిగుడ్డతో తుడవకపోతే మరక పడుతుంది. సాఫ్టర్ మైక్రో సోల్ కంటే ఘాటైనది. మందమైన డెకాల్‌లకు దాని బలం అవసరమే గానీ, ఇటలీకి చెందిన కార్టోగ్రాఫ్ ముద్రించేలాంటి పలుచటి డెకాల్‌లకు మైక్రో సోల్ సరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు మైక్రోస్కేల్ జంటతోనే ఆరంభించడం క్షేమం.

డెకాల్ పని ముగిశాక తడిగుడ్డతో జిగురు మరకలు తుడిచి, ఎక్స్-22తో మరొక పలుచటి పూత వేస్తే డెకాల్ అంచు రంగులో కలిసిపోతుంది. ఆపై ఎంత మెరుపు ఉంచాలనేది విమానాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. సూర్యకిరణ్ బృందపు హాక్ వంటి ప్రదర్శన విమానానికి ఈ మెరుపు అలాగే ఉండవచ్చు. బూడిదరంగు యుద్ధవిమానం మీద అదే మెరుపు ఉంటే ఆటబొమ్మలా కనిపిస్తుంది. నా మిగ్‌కు ఎక్స్-22లో టమియా ఫ్లాట్ క్లియర్ ఎక్స్ఎఫ్-86ను కలిపి, పూర్తిగా మ్యాట్ కాకుండా కాస్త నిగారింపు మిగిలేలా చివరి పూత వేశాను. విడిగా సెమీ గ్లాస్ సీసా కొనే ఖర్చు కూడా తప్పింది.