టింపనీలో నాదం సాగాలంటే: ఫ్రెంచ్ గ్రిప్, జనరల్ స్టిక్స్‌తో నా అనుభవం

న్యూజెర్సీలో మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో చాలా సీజన్లుగా టింపనీ (శ్రుతి చేసుకుని పుల్లలతో వాయించే గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్ములు) వాయిస్తున్నాను. 32, 29, 26, 23 అంగుళాల నాలుగు పెడల్ డ్రమ్ములు (కాలితో పెడల్ నొక్కి శ్రుతి మార్చేవి), బొటనవేళ్లు పైకి ఉండే ఫ్రెంచ్ గ్రిప్, చేతిలో ఎక్కువగా విక్ ఫర్త్ కంపెనీ టి1 జనరల్ స్టిక్స్, అంటే అన్నిరకాల వాయింపుకూ పనికొచ్చే, కొసన ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ఉండే పుల్లలు. వీటితో లెగాటో స్ట్రోక్, అంటే నాదం తెగకుండా సాగే దెబ్బ, ఎంతవరకు పలుకుతుందో రాస్తున్నాను. ముందే చెప్పేస్తా: మెత్తని, మధ్యస్థాయి వాయింపుకు ఇంతకన్నా మంచి జోడీ నాకు దొరకలేదు. పెద్ద ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా వాయించాల్సిన చోటు) వస్తే మాత్రం పట్టు మార్చాల్సిందే.

స్టిక్‌ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మిగతా మూడు వేళ్లూ ఊరికే ఆనించి ఉంచాలి. ధ్యాసంతా పైకి లేవడం మీదే ఉండాలి. తగిలిన మరుక్షణం హెడ్డే (డ్రమ్ మీద బిగించిన పొరే) స్టిక్‌ని తిరిగి పంపుతుంది, దానికి మణికట్టు అడ్డం రాకూడదు. వేళ్లు బిగిస్తే ఫెల్ట్ కాస్త ఎక్కువసేపు హెడ్ మీద ఉండిపోయి స్వరంలోని మెరుపును మింగేస్తుంది. మృదంగం నేర్చినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు, చాపు మోగించగానే చేయి తీసేస్తారు కదా. కొత్తగా అలవాటు కావాల్సింది లేపే వేగం. 32 అంగుళాల డ్రమ్ మీద కింది స్వరాలకు చేయి నిదానంగా, ఎత్తుగా లేవాలి. 23 అంగుళాల దాని మీద బిగువుగా ఉన్న హెడ్‌కు చిన్న, చురుకైన కదలిక చాలు.

ఎక్కడ వాయిస్తున్నామన్నది పట్టు కన్నా ముఖ్యం. పెద్ద డ్రమ్ముల మీద అంచు నుంచి మూడు నాలుగు అంగుళాల లోపలికి, చిన్నవాటి మీద ఇంకాస్త అంచు వైపుకి. నడిమధ్యన కొడితే హెడ్ మొత్తం ఒకేసారి పైకీ కిందికీ ఊగుతుంది. ఆ కంపనం తన శక్తినంతా గాలిలోకి గబగబా వదిలేసి చప్పున ఆరిపోతుంది, అందుకే అక్కడ స్వరం పలకదు. అంచుకు దగ్గరగా కొడితే ముఖ్యమైన కంపనాలు దాదాపు 2:3:4:5 నిష్పత్తిలో కుదురుకుంటాయి, అందుకే స్వరం స్పష్టంగా వినిపిస్తుంది. హెడ్‌తో పాటు కదిలే గాలి బరువు వల్లే ఆ కుదురు వస్తుంది. మృదంగంలో ఆ పని కుడివైపు నల్లటి పూత చేస్తుంది. సి.వి. రామన్, శివకాళి కుమార్ 1920లోనే నేచర్ పత్రికలో మన వాద్యాల ఈ గుణం గురించి రాశారు. మృదంగం నుంచి వచ్చిన నాకు ఈ రెండు వాద్యాలూ ఒకే సమస్యను రెండు దారుల్లో పరిష్కరించుకున్నాయని తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

రోల్ దగ్గర, అంటే రెండు చేతులా వరసగా దెబ్బలు వేసి నాదాన్ని ఆగకుండా నిలిపేటప్పుడు, ఈ పట్టు బాగా రాణిస్తుంది. టింపనీ రోల్‌లో చేతికి ఒక్కొక్క దెబ్బే, స్నేర్ డ్రమ్‌లోలా రెండేసి ఉండవు. రెండు స్టిక్స్ అంచుకు సమాన దూరంలో ఉండాలి. కింది స్వరానికి రోల్ నెమ్మదిగా, పై స్వరానికి వేగంగా సాగాలి. కింది స్వరాన్ని తొందరపెడితే ప్రతి దెబ్బా ముందు దెబ్బ నాదాన్ని నొక్కేస్తుంది. బాగా మెత్తని పియానిస్సిమో (చాలా చిన్నగా వాయించే) రోల్‌కు నేను టి2 కార్ట్‌వీల్ అనే మెత్తని స్టిక్స్ తీసుకుంటాను.

బ్రామ్స్ మొదటి సింఫనీ ఆరంభంలో మాత్రం ఈ పట్టు నాకు సరిపోలేదు. 6/8లో సి స్వరం మీద దెబ్బ వెంట దెబ్బ పడుతూనే ఉంటుంది, పైన ఆర్కెస్ట్రా అంతా గట్టిగా వాయిస్తూ ఉంటుంది. అరచేతులు కిందికి తిప్పి, జర్మన్ గ్రిప్‌లో ముంజేతి బరువు వాడితేనే బరువూ సాగుడూ రెండూ దక్కాయి. బేతోవెన్ వయొలిన్ కాన్సర్టో మొదట్లో సంగతి వేరు. టింపనీ ఒక్కటే మెత్తగా నాలుగుసార్లు డి పలుకుతుంది, ఐదో దెబ్బకు వుడ్‌విండ్స్ (ఓబో, క్లారినెట్ లాంటి ఊదే వాద్యాలు) వచ్చి కలుస్తాయి. అక్కడ నాదం ఎక్కువ సాగితే లయ మసకబారుతుంది. నేను టి3 స్టకాటో (దెబ్బలు విడివిడిగా, స్పష్టంగా పలికించే గట్టి స్టిక్స్) పట్టుకుని అదే వదులు మణికట్టుతో వాయిస్తాను. స్టిక్ గట్టిగా ఉన్నంత మాత్రాన చేయి గట్టిపడనక్కర్లేదు.

ఇన్నేళ్లలో స్టిక్స్ విషయంలో నేర్చుకున్నది ఇంతే. ఏ ఫెల్ట్ అయినా వాడేకొద్దీ నలిగి గట్టిపడుతుంది, అందుకని మెత్తని జతని రోజువారీ సాధనకు వాడొద్దు. ఫెల్ట్‌కి కుట్టు ఉంటే, తిప్పి చూసుకుని కుట్టు హెడ్‌కు తగలకుండా పట్టుకోవాలి. సంచిలో దుమ్ము తగలకుండా కవర్ తొడిగి పెట్టుకోవాలి.

ఇదంతా హెడ్ సమంగా బిగిసి ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఒక్కో బోల్టు దగ్గరా మెల్లగా తట్టి చూడండి, అన్నిచోట్లా ఒకే స్వరం రావాలి. ఒకచోట కాస్త దిగినా నాదం వణుకుతుంది, ఎంత మంచి స్ట్రోక్ అయినా దాన్ని సరిచేయలేదు. మేము రిహార్సల్ చేసే హాల్లోని డ్రమ్ములకు ప్రతి కచేరీ ముందూ ఈ పని నేనే చేసుకుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు జనరల్ స్టిక్స్ ఒక్క జత కొనుక్కోండి, స్టకాటో తర్వాత చూసుకోవచ్చు. రబ్బరు ప్యాడ్ మీద ఈ స్ట్రోక్ రాదు, అది తిరిగి మోగదు కాబట్టి మీరు విని దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. వారానికి కాసేపైనా అసలు డ్రమ్ దగ్గర నిలబడి, ఒక్కో దెబ్బ పూర్తిగా ఆరిపోయేదాకా విని తర్వాతిది వాయించండి. వీలైతే తెలిసినవాళ్లని హాలు చివర కూర్చోబెట్టి అడగండి. డ్రమ్ పక్కన వినిపించే ఫెల్ట్ చప్పుడు అక్కడిదాకా వెళ్లదు, మీ నాదం వెళ్తోందో లేదో వాళ్లే చెప్పగలరు.