పోస్ట్‌గ్రెస్ పార్టిషన్లు: పేరెంట్ టేబుల్‌కి ఎనలైజ్ ఎవరు చేస్తారు?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నెలకో ముక్కగా (అదే పార్టిషన్) విడగొట్టిన టేబుల్‌తో చాలా కాలంగా పని చేస్తున్నాను. విడగొట్టే పద్ధతుల్లో రేంజ్, లిస్ట్, హ్యాష్ తేడాలు ఇక్కడ చెప్పను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నా కోపమంతా ఒక్కదాని మీదే: చచ్చిన వరుసలు ఊడ్చి, టేబుల్ లెక్కలు (స్టాటిస్టిక్స్) సేకరించే ఎనలైజ్‌నీ తనంతట తానే చేసే ఆటోవ్యాక్యూమ్, ఆ ముక్కలన్నిటికీ పైనుండే పేరెంట్ టేబుల్ జోలికి పోదు. పోకపోతే పోయింది, పోవడం లేదని ఎక్కడా ఒక్క ముక్క చెప్పదు.

మంచి కూడా చెప్పాలి. పాత డేటా తీసేయడం ఇంత సుఖంగా ఉంటుందని అనుకోలేదు. ఒకప్పుడు డిలీట్ పెడితే అది గంటల తరబడి నడిచి, చచ్చిన వరుసలన్నీ టేబుల్లోనే వదిలేసి, వ్యాక్యూమ్‌కి బోలెడంత పని పెట్టేది. ఇప్పుడు ఆ నెల పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే క్షణంలో పని అయిపోతుంది.

విడగొట్టాక రోజువారీ క్వెరీలన్నీ చక్కగా నడిచాయి. తేదీ షరతు ఉన్నవైతే ముందుకన్నా వేగంగా. నెలాఖరు రిపోర్ట్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. ఆర్డర్లను కస్టమర్ల వారీగా గ్రూప్ చేసి, వచ్చినదాన్ని చెల్లింపుల టేబుల్‌తో జాయిన్ చేసే క్వెరీ అది. నిమిషాల్లో తేలాల్సింది గంట దాటినా తేలలేదు. ఫోన్లు మొదలయ్యాయి, టెన్షన్ కూడా.

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదటి అనుమానం ప్రూనింగ్ మీదే, అంటే అక్కర్లేని పార్టిషన్లను చూడకుండా వదిలేయడం మీద. పార్టిషన్ కాలమ్‌ని వేర్ షరతులో డేట్_ట్రంక్ లాంటి ఫంక్షన్‌లో చుడితే, ఏ నెల కావాలో, క్వెరీ ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్‌కి అర్థం కాక అన్ని పార్టిషన్లూ తిరుగుతుంది. మా క్వెరీలో అదేం లేదు. ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్‌లో ఆ ఒక్క నెల పార్టిషనే కనిపించింది. పోనీ ఇండెక్స్ లేదా అంటే, 11వ వెర్షన్ నుంచి పేరెంట్ మీద పెట్టిన ఇండెక్స్ ప్రతి పార్టిషన్‌లోనూ తయారవుతుంది. అదీ ఉంది. ఎవరైనా లాక్ పట్టుకున్నారా అంటే అదీ కాదు, క్వెరీ దేనికోసమూ ఆగి లేదు, తన పని తాను చేసుకుంటూనే ఉంది.

క్వెరీని నిజంగా నడిపి చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెడదామంటే అది ముగిస్తేనే కదా ఏదైనా చెప్పేది. ఉత్త ఎక్స్‌ప్లెయినే మళ్లీ పైనుంచి కిందికి చదివితే గ్రూప్ బై దగ్గర ఒక అంకె దొరికింది: 200 వరుసలు. మా కస్టమర్లు లక్షల్లో ఉంటారు. ఒక కాలమ్‌లో ఎన్ని వేర్వేరు విలువలున్నాయో లెక్క దొరకనప్పుడు పోస్ట్‌గ్రెస్ వేసుకునే ఉజ్జాయింపు ఈ 200. ప్లాన్‌లో సరిగ్గా ఆ అంకె కనిపిస్తే స్టాటిస్టిక్స్ ఉన్నాయో లేవో చూడాల్సిందే. 200 వరుసలే కదా అని ప్లానర్ ఒక్కో వరుసకీ విడిగా వెతికే నెస్టెడ్ లూప్ ఎంచుకుంది. చెల్లింపుల ఇండెక్స్‌లోకి లక్షల సార్లు వెళ్లి వస్తోంది.

ఆ లెక్కలు చూపించే పీజీ_స్టాట్స్‌లో చూస్తే పార్టిషన్లన్నిటికీ వరుసలున్నాయి, పేరెంట్ పేరు మీద ఒక్కటీ లేదు. పార్టిషన్ నుంచి ఎన్ని వరుసలొస్తాయో ఆ పార్టిషన్ లెక్కలే చెప్తాయి. అందుకే తేదీ క్వెరీలకు ఏ ఇబ్బందీ రాలేదు. గ్రూప్ బైకి, జాయిన్‌కి మాత్రం ప్లానర్ పేరెంట్ లెక్కలు అడుగుతుంది. పేరెంట్‌లో సొంతంగా డేటా ఉండదు కాబట్టి ఆటోవ్యాక్యూమ్ దానికి ఎనలైజ్ చెయ్యదు. మాన్యువల్‌లో ఈ మాట ఉంది, వ్యాక్యూమ్ గురించి చెప్పే చోట. పార్టిషన్ల కోసం మాన్యువల్ తెరిచినవాళ్లు అక్కడిదాకా వెళ్తారా?

పేరెంట్ మీద ఎనలైజ్ నడిపాక అంచనా లక్షల్లోకి వచ్చింది, నెస్టెడ్ లూప్ పోయి హ్యాష్ జాయిన్ వచ్చింది, రిపోర్ట్ మళ్లీ నిమిషాల్లో పడింది. ఒక్కసారితో అయిపోదు. నెలనెలా కొత్త పార్టిషన్ వస్తుంటే పేరెంట్ లెక్కలు పాతబడిపోతాయి, అందుకే వారానికోసారి షెడ్యూల్ చేసుకున్నాం. ఇందులోనూ ఒక విసుగుంది. పేరెంట్‌కి ఎనలైజ్ అంటే కింది పార్టిషన్లన్నిటికీ మళ్లీ చేస్తుంది, ఎప్పుడో ముగిసిపోయిన నెలలతో సహా. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌లో 'ఎనలైజ్ ఓన్లీ' అని పేరెంట్ వరకే చేసే వీలు పెట్టారు. మేమింకా అక్కడికి చేరలేదు.

డ్రాప్ క్షణంలో అయిపోతుందన్నాను కదా, లాక్ దొరికితేనే. దానికి పేరెంట్ మీద కూడా పూర్తి లాక్ కావాలి. అప్పటికే పెద్ద రిపోర్ట్ ఏదైనా నడుస్తుంటే డ్రాప్ దాని వెనక ఆగుతుంది, ఆ తర్వాత వచ్చిన క్వెరీలన్నీ డ్రాప్ వెనక క్యూ కడతాయి. పేరెంట్ మీద పూర్తి లాక్ లేకుండా పార్టిషన్‌ని విడదీసే డిటాచ్ కంకరెంట్లీ 14వ వెర్షన్ నుంచి ఉంది గానీ, ఏ నెలకూ చెందని వరుసలు పడే డిఫాల్ట్ పార్టిషన్ ఉంటే అది పనిచెయ్యదు. మాకు ఉంది. కాబట్టి డ్రాప్‌లన్నీ రాత్రిపూటే.

మా డేటా కాలంతో పాటు పెరిగేది, పాతది నెలనెలా తీసెయ్యాల్సింది, కాబట్టి మళ్లీ మొదలుపెట్టమన్నా పార్టిషన్లే పెడతాను. మీ అప్లికేషన్ తేదీ లేకుండా ఉత్త ఆర్డర్ నంబర్‌తో వెతికేదైతే అంత ధీమాగా చెప్పలేను. ప్రైమరీ కీలో పార్టిషన్ కాలమ్ ఉండి తీరాలి, నంబర్ ఒక్కటే ఇస్తే ప్రతి పార్టిషన్ ఇండెక్స్‌నీ తడుముకుంటూ పోతుంది. పాత డేటా తీసే అవసరమే లేనివాళ్లకి, కొన్ని కోట్ల వరుసలున్నా సరే, మంచి ఇండెక్స్ ఉన్న ఒకే టేబుల్ చాలేమో.