‘ట్యూన్ చేసిన’ కంప్యూటర్ కొంటున్నారా? తిరుపతి కొనుగోలుదారులకు ఒక హెచ్చరిక

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా దాన్ని బోయింక్ (ఇళ్లలోని కంప్యూటర్లు స్వచ్ఛందంగా పరిశోధన లెక్కలు చేసిపెట్టేందుకు వాడే ఉచిత ప్రోగ్రాం) ద్వారా శాస్త్ర పరిశోధనల లెక్కలకు ఇవ్వాలనుకునేవారు జాగ్రత్త. నేను మోసపోయింది తిరుపతిలోనే. దుకాణం పేరు రాయడం లేదు. విచారిస్తే ఈ అలవాటు ఆ ఒక్క దుకాణానిదే కాదని తేలింది.

ఫిబ్రవరిలో రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ కొన్నాను. 12 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 24 థ్రెడ్లు, అంటే ఒకేసారి 24 పనులు నడుస్తాయి. రాత్రింబవళ్లు లెక్కలు చేయించడానికి కొంటున్నానని ముందే చెప్పాను. “మీ పనికి తగ్గట్టు ట్యూన్ చేసి ఇస్తాం సార్” అని యజమాని 2,500 రూపాయలు అదనంగా తీసుకున్నాడు. నా ముందే ఒక నిమిషం పరీక్ష నడిపి పెద్ద స్కోరు చూపించాడు. చూసి మురిసిపోయాను. మురిసిపోకుండా ఒక్క గంట అక్కడే కూర్చుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇంటికి తెచ్చి, బోయింక్‌లో నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో చేర్చాను. 2005లో మొదలైన ఈ ప్రాజెక్టు లైగో పరికరాలు (గురుత్వాకర్షణ తరంగాలను పసిగట్టేవి), రేడియో టెలిస్కోపులు సేకరించిన సమాచారంలో ఆ తరంగాలను, పల్సార్లను (వేగంగా తిరిగే మృత నక్షత్రాలను) వెతుకుతుంది. 2010లో మనలాంటి వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లే దీనికోసం ఒక కొత్త పల్సార్‌ను పట్టుకున్నాయి. మూడు వారాల్లో మా కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగిపోలేదు. మా అబ్బాయి హాయిగా గేములు ఆడుకున్నాడు. ఒక ఆదివారం ఖాతా తెరిచి పూర్తయిన పనుల జాబితా చూస్తే వరుసగా ‘చెల్లదు’, ‘చెల్లదు’ అని ఉంది.

ఒకే పద్దును ఇద్దరు గుమాస్తాలతో విడివిడిగా కూడించినట్టు, ఈ ప్రాజెక్టు ఒకే పనిని ఇద్దరి కంప్యూటర్లకు పంపి జవాబులు పోల్చి చూస్తుంది. కుదరకపోతే మూడో కంప్యూటర్‌కు పంపుతుంది. ప్రతిసారీ ఆ ఇద్దరి జవాబులు కలుస్తున్నాయి, నాది విడిగా ఉంటోంది. పరిశోధనకు నష్టం లేదు కానీ, నా తప్పు సరిదిద్దడానికి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కరెంటు ఖర్చయింది. డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ బాధించింది.

బయోస్ (కంప్యూటర్ మూల సెట్టింగులు ఉండే చోటు) తెరిస్తే అసలు సంగతి తెలిసింది. కోర్లన్నింటినీ 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర, వోల్టేజీని 1.25 వోల్టుల దగ్గర బిగించి వదిలేశారు. గేములకు అది సరిపోయింది. అన్ని కోర్లూ ఏకధాటిగా గణితం చేస్తున్నప్పుడు ఆ వేగానికి ఆ వోల్టేజీ చాలలేదు. అలా చాలనప్పుడు కంప్యూటర్ ఆగిపోవాలని నియమమేమీ లేదు. ఎక్కడో ఒక అంకె తప్పు వేసి, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతుంది. ఆగిపోయే కంప్యూటరే నయం, కనీసం తప్పు ఒప్పుకుంటుంది!

కరెంటు సంగతీ అంతే. ఈ ప్రాసెసర్ మీద రాసేది 105 వాట్లు. ఏఎండీ పెట్టిన అసలు పరిమితి 142. వేగాన్ని ఇలా చేత్తో బిగిస్తే ఆ పరిమితి పనిచేయదు. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే మొత్తం కంప్యూటర్ 260 వాట్లు లాగుతోంది, అంటే రోజుకు 6 యూనిట్ల పైమాటే. వేడి 90 డిగ్రీలు తాకుతోంది, ఆ ప్రాసెసర్‌కు గరిష్ఠం అదే. ఇది ఫిబ్రవరి చలువలో. మే నెలలో మిద్దె మీద గదిలో ఏమయ్యేదో తిరుపతి ఎండ తెలిసినవారికి చెప్పక్కర్లేదు.

దుకాణానికి వెళ్తే వచ్చిన జవాబు: “గేములు ఆడుతున్నాయి కదా సార్, ఇంకేం కావాలి?” ట్యూనింగ్ డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్ వేగాన్ని ఇలా చేత్తో పెంచడం) వల్ల కలిగిన నష్టానికి ఏఎండీ వారంటీ కూడా వర్తించదని గుర్తుంచుకోండి.

కాబట్టి కొనేముందు బయోస్‌ను మీ ఎదుటే మొదటి సెట్టింగులకు మార్చమనండి. తర్వాత ప్రైమ్95 కనీసం గంటసేపు నడపమనండి. 1996లో మొదలైన ప్రధాన సంఖ్యల అన్వేషణ ప్రాజెక్టు వాళ్ల ప్రోగ్రాం అది, అదీ స్వచ్ఛంద గణనే. తెలిసిన జవాబులతో సరిచూసుకుంటుంది కాబట్టి లెక్క తప్పితే ఆ థ్రెడ్‌ను ఆపి చెబుతుంది. గంట ఆగలేమనే దుకాణం నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు నేను ఆ సెట్టింగులన్నీ చెరిపేసి, కరెంటు తక్కువ వాడే ఎకో మోడ్ పెట్టాను. ప్రాసెసర్ 88 వాట్లు దాటదు, ప్లగ్గు దగ్గర 150. వేగం కొంత తగ్గింది, నెలకు దాదాపు 80 యూనిట్లు మిగులుతున్నాయి. బోయింక్‌లో 75 శాతం ప్రాసెసర్లు, అంటే 18 థ్రెడ్లు ఇచ్చాను. సీపీయూ సమయాన్ని మాత్రం 100 శాతం దగ్గరే ఉంచాను. దాన్ని తగ్గిస్తే పని ఆగుతూ సాగుతూ ఉంటుంది, ఫ్యాను ఆయాసపడుతూ అరుస్తుంది. ఆ తర్వాత ‘చెల్లదు’ అన్న మాట నా జాబితాలో కనబడలేదు.

ఇలాంటి కంప్యూటర్ ఇప్పటికే కొన్నవారు ఈ రాత్రే మీ పనుల జాబితా చూసుకోండి. చెల్లనివి కనబడితే, బయోస్ జోలికి వెళ్లకముందే బోయింక్‌లో కొత్త పనులు తీసుకోవద్దన్న మీట నొక్కండి.