నోటీసు వచ్చాక ఒప్పుకోవడమా, కొట్లాడడమా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రౌండ్లలో ఉరికే పిల్లలకు రగ్బీ కూడా ఇప్పుడు ఒక దారి. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టు ఉంది. ఆ స్థాయికి పోతే డోప్ టెస్ట్ తప్పదు. పట్టుబడ్డావని నోటీసు వస్తే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

కండలు పెంచే అనాబాలిక్ స్టెరాయిడ్ మందు ఒంట్లో దొరికితే, 2021 ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం మామూలుగా 4 ఏళ్ల నిషేధం. అభియోగం అందిన 20 రోజుల్లో తప్పు ఒప్పుకొని శిక్షకు సరేనంటే ఒక ఏడాది తగ్గుతుంది. తెలిసే సూది వేయించుకున్నోడికి ఇదే మేలు. కానీ ఆ తగ్గింపు తీసుకున్నాక, ప్రోటీన్ పౌడర్ లాంటి సప్లిమెంట్‌లో కల్తీ ఉందంటూ ఇంకో తగ్గింపు అడగడానికి ఉండదు.

తెలియకుండా ఒంట్లోకి పోతే మాత్రం కొట్లాడాలి. కల్తీ సప్లిమెంటే కారణమని, తన నిర్లక్ష్యం పెద్దగా లేదని రుజువైతే మందలింపుతోనే బయటపడొచ్చు, ఎంత పడినా 2 ఏళ్లు దాటదు. రుజువు చేయాల్సింది మాత్రం ఆటగాడే. 2010లో దక్షిణాఫ్రికా రగ్బీ ఆటగాళ్లు రాలెపెలె, బాసన్ డోప్ టెస్ట్‌లో దొరికారు. జట్టు ఇచ్చిన సప్లిమెంట్ వల్లనే అని తేలడంతో నిషేధం పడలేదు. అదే దేశపు అఫీవే ద్యాంత్యి 2018లో మేటి కొత్త ఆటగాడిగా వరల్డ్ రగ్బీ అవార్డు అందుకుని, మరుసటి ఏడాదే స్టెరాయిడ్లతో దొరికాడు. కావాలని తీసుకోలేదన్నాడు, ఆ వాదన నిలవలేదు. 4 ఏళ్లు పడ్డాయి.

మన ఇళ్లల్లో పౌడర్ అయిపోగానే అమ్మ డబ్బా కడిగి కందిపప్పు పోస్తుంది. బ్యాచ్ నంబర్ ఉన్న లేబుల్‌ను నానబెట్టి గీకేస్తుంది. కేసు నిలబడేది ఆ నంబర్ మీదే. బిల్లు, అదే బ్యాచ్‌ది సీల్ తీయని డబ్బా ఒకటి దాచుకోండి. టెస్ట్ రోజు ఇచ్చే ఫారంలో ఆ వారం వాడిన మందులు, పౌడర్లు అన్నీ రాయండి.

జిమ్‌లో కవర్లో పోసిచ్చిన పౌడర్ తాగి, బిల్లు కూడా లేని అమాయకుడి సంగతే నాకు బాధ. అతని దగ్గర సత్యం ఉంది, సాక్ష్యం లేదు. బి శాంపిల్ పరీక్ష, అంటే టెస్ట్ రోజు తీసి విడిగా దాచిన రెండో సీసా పరీక్ష అడగమంటాను, వెంటనే వకీలును కలవమంటాను. పౌడర్ ఎక్కడిదో 20 రోజుల్లో తేలకపోతే, మనసు ఒప్పకున్నా ఆ ఏడాది తగ్గింపు తీసుకోవడమే నయం. ఇరవై రెండేళ్ల పిల్లగాడికి 4 ఏళ్లకూ 3 ఏళ్లకూ చాలా తేడా.