కోళ్ల గూడు చేయించుకునేవారికి హెచ్చరిక: ‘కోళ్ల జాలీ’ కుక్కను ఆపదు

హనుమకొండ చుట్టుపక్కల పెరటి కోళ్ల కోసం జాలీ గూడు కొనాలనుకుంటున్నవారు డబ్బు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. నేను 21,500 రూపాయలు పెట్టాను. పదకొండో రాత్రికి ఎనిమిది కోళ్లలో ఐదు పోయాయి.

దుకాణం పేరు రాయడం లేదు. రాసినా రుజువుగా చూపించడానికి నా దగ్గర బిల్లు లేదు. ఆ తెలివితక్కువతనం నాదే, దాని సంగతి తర్వాత చెబుతాను.

మాట్లాడుకున్నది ఇది: 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, లోపల నిలబడి ఊడ్చుకునేంత ఎత్తు. ఇనుప యాంగిల్ చట్రం, పైన రేకులు, చుట్టూ ‘గట్టి జాలీ’. గట్టి అన్న మాటకు కొలత ఏమీ లేదని నాకు అప్పుడు తట్టలేదు. ట్రాలీ ఆటోలో తెచ్చి దింపినప్పుడు చట్రాన్ని పట్టుకుని ఊపి చూశాను, కదలలేదు. రంగు నిగనిగలాడుతోంది. కింది మూడు అడుగుల మేర చుట్టూ ఆకుపచ్చ నీడగుడ్డ బిగించి ఉంది. “ఎండాకాలం వస్తోంది కదా సార్, కోళ్లకు చల్లగా ఉంటుంది. దీనికి డబ్బులేమీ తీసుకోవడం లేదు” అన్నాడు దుకాణదారు. ఓరుగల్లు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాడిని కనుక మురిసిపోయాను.

పదకొండో రాత్రి వీధికుక్కలు వచ్చాయి. మేము లేచి లైటు వేసేసరికి అంతా అయిపోయింది. చనిపోయిన ఐదూ వనరాజ కోళ్లే. బరువైన జాతి, పైకి ఎగరలేవు, రాత్రిళ్లు నేల మీదే పడుకునేవి. మూడు నాటు పెట్టలు మాత్రం రేకుల కింది అడ్డకర్ర మీద ముడుచుకుని కూర్చున్నాయి. కుక్కలు ఒక్క కోడినీ తినలేదు, కొరికి వదిలేశాయి. అమ్మ ఏమీ అనలేదు. పొద్దున్నే పాత గంప దులిపి, మిగిలిన మూడింటినీ దాని కింద మూసి, పైన రాయి పెట్టింది. ఆ గంపను పారేయమని నెల కిందట చెప్పినవాడిని నేనే.

తెల్లవారాక నీడగుడ్డ విప్పితే అసలు సంగతి బయటపడింది. పైన, కంటికి కనిపించే భాగంలో చదరపు గడుల వెల్డ్ మెష్, అంటే తీగలను వెల్డింగ్‌తో అతికిన జాలీ ఉంది. గుడ్డ చాటున ఉన్నది ఆరు మూలల గడుల పలచని జాలీ. పక్కింట్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు ఉన్నారు. ఆయన స్క్రూగేజీతో కొలిస్తే పై తీగ 1.6 మిల్లీమీటర్లు, కింది తీగ అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అంటే పైన 16 గేజీ, కింద 24 గేజీ. గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. కొత్తవారు సరిగ్గా తలకిందులుగా అనుకునేది ఇక్కడే. పైగా కింది రకం జాలీలో తీగలను అతకరు, ఒకదానితో ఒకటి మెలిపెడతారు. ఒకచోట తెగితే పక్క గడులూ విచ్చుకుంటాయి. దాన్ని చట్రానికి కట్టింది కూడా అడుగుకొక బైండింగ్ వైరు ముడితో. కుక్కకు కొరికే పని కూడా పడలేదు, పంటితో పట్టి లాగితే చాలింది.

అడగడానికి వెళ్లాను. “కోళ్ల జాలీ అంటే అదే కదా సార్, బజారులో ఎవరిని అడిగినా అదే ఇస్తారు” అన్నాడు. నాకు మండిపోయింది కానీ, ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు. ఆ జాలీ కోళ్లను బయటికి పోకుండా ఆపుతుంది. బయటినుంచి వచ్చేదాన్ని ఆపడం దాని పని కాదు. మరి గుడ్డ చాటున ఎందుకు పెట్టావని అడిగితే ఫోను మోగిందంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అదే చట్రాన్ని నిలబెట్టి మళ్లీ కట్టించాను. కింది మూడు అడుగులకు అర అంగుళం గడి, 16 గేజీ వెల్డ్ మెష్. అంగుళం గడి అయితే సన్నపాటి పాము దూరగలదు. వెల్డింగ్ చేశాక జింకు పూత వేసిన రకం అడిగి తీసుకోండి. పూత వేసిన తీగను తర్వాత వెల్డ్ చేస్తే అతుకుల దగ్గర పూత కాలిపోయి, రెండు వానలకు అక్కడే తుప్పు మొదలవుతుంది. జాలీ అంచును యాంగిల్‌కూ ఇనుప పట్టీకీ మధ్య పెట్టి నట్లు బిగించాం. తలుపు కింద రెండు అంగుళాల సందు ఉండేది. ముంగిస పట్టపగలు తిరిగే జంతువు, దానికి ఆ సందు సింహద్వారం. ఇప్పుడు అక్కడ సిమెంటు గడప ఉంది. కోతులు తీయలేకుండా గడియకు కొక్కెం కూడా తగిలించాం.

అన్నిటికంటే నాకు నచ్చింది నేల మీది పని. మాది చెలక నేల, పందికొక్కు ఒక్క రాత్రిలో తవ్వేస్తుంది. మీది రేగడి అయితే ఎండాకాలం పగుళ్లే దారులు. గోడలా లోతుగా పాతే బదులు, జాలీని అడుగున్నర వెడల్పున బయటివైపు నేల మీద పరచి, గూటి అంచుకు కలిపి కట్టి, పైన రెండు అంగుళాల మట్టి, రాళ్లు వేశాం. తవ్వే జంతువు గోడ మొదట్లోనే గోళ్లు పెడుతుంది, జాలీ తగులుతుంది. అడుగున్నర వెనక్కి వెళ్లి అక్కడినుంచి తవ్వుకు రావాలన్న ఆలోచన దానికి రాదు.

విషం పెట్టమని, ఉచ్చు వేయమని సలహా ఇచ్చేవారు తప్పకుండా ఎదురవుతారు. వినకండి. ముంగిసకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. విషం ఎలాగూ మనిషి మాట వినదు, మీ కోడే తింటుంది.

ఇక బిల్లు. గేజీ, గడి కొలత, జాలీ రకం, ఎక్కడినుంచి ఎక్కడివరకు ఏది, అన్నీ బిల్లు మీద రాయించుకోండి. కాగితం ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. నేను నగదు ఇచ్చి, తల ఊపి వచ్చాను. చేతిరాత చీటీ కూడా లేదు.

నీడగుడ్డ కట్టి ఇచ్చిన గూడు మీ పెరట్లో ఉంటే, ఈ సాయంత్రం కోళ్లు లోపలికి చేరకముందే ఆ గుడ్డ విప్పి చూడండి.